దుస్ దగ్గర ఆగిపోయే గెర్బ్రాండ్

హోర్న్ ఊరి శనివారం సంతలో చేపముక్కలు వేయించి అమ్మే గెర్బ్రాండ్ ఏ మాటనూ చివరిదాకా తీసుకెళ్లడు. జల్లిగరిటె నూనె మీద దులిపి, ముంజేతితో నుదురు తుడుచుకుని, కారణం ఒక్కటే చెబుతాడు. "గాలి ఎక్కువగా ఉంది, దుస్." అక్కడి భాషలో దుస్ అంటే 'అందుకని'. ఆ తర్వాతిది ఎదుటివాళ్లే పూరించుకోవాలి, గొడుగు దించేయాలనో, ఇవాళ బేరాలుండవనో. ఆ ఊళ్లో చాలామంది అలాగే మాట్లాడతారు గానీ మాటల్లో ఇతనంత పిసినారి ఇంకొకడు లేడు.

పక్కన పూలమ్మే ఆల్ట్యె, భర్త పోయిన మనిషి, ఆరోజు సాయంత్రం డాలియా కట్టలు పెట్టెలో సర్దుతూ అంది. "మా అక్క వాళ్ల ఊరి సంతలో చోటు ఖాళీ అయింది. వచ్చే వారం నుంచి నేనక్కడే."

గెర్బ్రాండ్ చేతిలో గరిటె ఆగిపోయింది. "అక్కడ నీ గుడారం ఎవరు కడతారు? ఇక్కడైతే పొద్దున్నే నేను కడుతున్నాను, దుస్..."

"ఊఁ, దుస్? ప్రతిసారీ మిగతాది నేనే ఊహించుకోవాలా? ఇవాళ నువ్వే చెప్పు మహానుభావా."

నూనెలో ముక్కలు నల్లబడుతున్నాయి. "బాబూ, నా చేప!" అన్నాడు బేరానికొచ్చిన ముసలాయన. గెర్బ్రాండ్ వినిపించుకోలేదు.

"వెళ్లకు," అన్నాడు.

"ఎందుకని?"

ఈసారి ఫలితం చెప్పేశాడు గానీ కారణం నోటికి రాలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆల్ట్యె పూలకట్టలు తీసి మళ్లీ నీళ్ల బకెట్లో పెట్టింది. "సరే, కారణం వచ్చే శనివారం చెబుదువుగాని. ముందు ఆయన చేప సంగతి చూడు."