ఉలవల మీదికెక్కని బస్సు

నాకు నోరు పెద్దది. ఇది నేను చెప్పుకునేది కాదు, మా ఊరంతా చెప్పేది. "నోరా వీపుకు తేకే" అని మా అవ్వ దినానికి నాలుగుసార్లన్నా నా నెత్తిన మొట్టేది. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దోవలో రోడ్డు పక్కనే మా చేను, చేనికి ఆనుకొని మా ఇల్లు. ఆ దోవన పోయే బండోణ్ణి గానీ గొర్రెలోణ్ణి గానీ పలకరించకుండా, కాకుంటే తిట్టకుండా వదిలేదాన్ని కాదు. అట్లాంటి నోరు పెట్టుకొని, దాన్ని తెరవాల్సిన ఒక్క దినం మాత్రం మూసుకున్నాను.

అప్పటికి నాకు పదిహేడేండ్లు. ఆ రోడ్డుకు కొత్తగా తారు పోసినారు. అంతకుముందు కంకర రోడ్డు. బస్సు పోతే ఎర్రదుమ్ము ఇంట్లో సంగటి కుండ దాకా వచ్చేది. తారు పడినాక ఊర్లో వాళ్లకు ఒక తెలివి పుట్టింది. ఉలవ చెట్లు పీకి రోడ్డు మీద పరిస్తే వచ్చే పోయే లారీలు, బస్సులు తొక్కి కాయలు పగలగొడతాయి. ఎద్దులు అక్కర్లే, కల్లంలో తిప్పే రాతిగుండు అక్కర్లే. సాయంత్రం పోయి పొట్టు పక్కకు ఎత్తేసి, గింజలు ఊడ్చుకొని వస్తే సరి. గవర్నమెంటు మాకోసమే కల్లం కట్టిచ్చినట్లు మురిసిపోయినాం.

మా ఇంట్లో అయితే అది మురిపెం కాదు. ఆ యేడు ఉలవలు పీకే ముందే మా రెండెద్దుల్లో ఒకటి గొంతువాపు వచ్చి చచ్చిపోయింది. ఒంటెద్దుతో గుండు తిరగదు. "రోడ్డుంది కదా, దేవుడు అట్లన్నా దోవ చూపించినాడు" అన్నాడు మా నాయన, ఎద్దును పూడ్చిన చోట నిలబడి కండ్లు తుడుచుకుంటా.

లారీల వాళ్లు బాగానే తొక్కిపోయేవాళ్లు. కానీ దినానికి మూడో నాలుగో లారీలు, అంతే. పేచీ అంతా బస్సుతోనే. పొద్దున హిందూపురంలో బయలుదేరి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి, దీపాలు పెట్టే యాళకు తిరిగొచ్చే ప్రైవేటు బస్సు అది. డ్రైవరు హిందూపురం సాయిబు. యాభై ఏండ్లుంటాయి. తెల్లగడ్డం, మెడ దాకా గుండీలు పెట్టుకున్న ఖాకీ చొక్కా. ఆ దోవలో ఆడపిల్లలందరికీ ఆయప్ప మామే. పెనుకొండ దగ్గర కొండ మలుపులో ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొట్టందే తిప్పేవాడు కాదు. పక్కకు తిరగాలంటే కిటికీలోంచి కుడిచెయ్యి బారుగా చాపి సైగ చేసేవాడు, ఎనకాల వచ్చేది గాడిదైనా సరే.

"గాడిదకు అర్థమైతాదా మామా?" అని ఒకనాడు అడిగినాను.

"దానికి కాకుంటే పోనీ. నా చేతికి అలవాటు తప్పకూడదు గదా పాపా" అన్నాడు.

మేము ఉలవ చెట్లు పరిచిన మొదటి దినం ఆయప్ప బస్సు నిలిపి దిగొచ్చినాడు. కాలితో కదిపి చూసినాడు.

"ఏమప్పా, రోడ్డు నీ కల్లమా?" అన్నాడు మా నాయనతో.

"తొక్కుకోని పోతే నీదేం పోతాది సాయిబూ? ఎద్దు పోయి నేను ఏడుస్తాంటే."

"ఎద్దు పోయింది నాకూ బాధే. కానీ దీని కింద ఏముండాదో నాకు కనపడదు. కొడవలి ఉండొచ్చు, నీడకని యే బిడ్డన్నా దూరి పడుకోనుండొచ్చు. కంటికి కనపడని దాని మీద నేను చక్రం ఎక్కిచ్చను. ఇరవై రెండేండ్ల నుంచి తోల్తాండా, నా లైసెన్సులో ఒక్క మచ్చ లేదు."

అని, బస్సును ఎడమ పక్క మట్టి మీదికి దించి, ఉలవల అంచు కూడా తగలకుండా మెల్లగా దాటించుకొని పోయినాడు. లోపల కూర్చున్నోళ్లు గొణిగినారు. నేను ఎనక నుంచి గొంతు చించుకొని తిట్టినాను. ఆ లైసెన్సును ఆయప్ప నూనెగుడ్డలో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు. తర్వాత ఒకసారి నాకు చూపించినాడు. పసిబిడ్డను పట్టుకున్నట్లు రెండు చేతులా పట్టుకొని, "ఇదే నా కూడు, ఇదే నా పరువు" అన్నాడు.

రాళ్ల ఉపాయం నాదే. మట్టి మీద దిగితేనే కదా దాటిపోయేది? చేని గట్టు మీద నుంచి ఒక్కోటి మోయలేనంత రాళ్లు తెచ్చి రోడ్డుకు రెండు పక్కలా మట్టి మీద వరసగా పెట్టినాను. ఇంక ఉలవలు తొక్కక ఎట్ల పోతాడో చూస్తా అనుకున్నాను. మా నాయన నవ్వినాడే గానీ వద్దనలేదు.

మామ బస్సు నిలిపినాడు. దిగినాడు. పంచె ఎగ్గట్టి ఒక్కో రాయీ ఎత్తి దూరంగా పెట్టినాడు. మట్టి మీద దించి పోయినాడు. బస్సు పోతానే నేను మళ్లీ పెట్టినాను. ఆయప్ప మళ్లీ తీసినాడు. పది పన్నెండు దినాలు ఇదే కత. ఒకపక్క పగిలిన గుండురాయి ఒకటి ఉండేది, అన్నిట్లోకీ బరువైంది. దాన్ని ఎత్తేటప్పుడు మామ నడుం పట్టుకొని, "ఏం పాపా, నిన్నటికన్నా రాయి పెరిగిందే" అనేవాడు.

"రాయి పెరగలేదు మామా, నీకు వయసు పెరిగింది" అనేదాన్ని.

బస్సులో వాళ్లు నవ్వేవాళ్లు. ఆయప్పా నవ్వేవాడు. కోపమే రాదా ఈ మనిషికి అని నాకు ఇంకా మంట.

ఒక దినం మాత్రం నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "ఒక మాట విను పాపా. పగలు పెడితే పెట్టుకో, నాకు కనపడతాయి, తీసుకుంటా. పొద్దు గుంకేలోపల మాత్రం తీసెయ్. సందేళ రాయి కనపడదు. నాకే కాదు, సైకిలోడికీ కనపడదు. మాట ఇస్తావా?" అన్నాడు.

ఇచ్చినాను. అప్పట్నించి ప్రతి సాయంత్రం నేనే తీసేదాన్ని. ఒక్క సాయంత్రం తప్ప.

అది ఆఖరు కల్లం. మధ్యాహ్నమే మబ్బు పట్టింది. చినుకులు మొదలయ్యేసరికి ఇంటిల్లిపాదీ రోడ్డు మీదికి ఉరికినాం. గింజలు తడిస్తే యేడాది కష్టం బూజు పట్టిపోతాది. పొట్టు ఎట్లంటే అట్ల పక్కకు ఎత్తేసి, గింజలు ఊడ్చి గంపలకెత్తి ఇంట్లోకి మోసినాం. నేను రాళ్లు చాలావరకు తీసినాను. ఆ పగిలిన గుండురాయి మిగిలిపోయింది. మరిచిపోయినానంటే అబద్ధం. నాకు తెలుసు. దాని మీద పొట్టు పడి మూసుకొనింది, చేతిలో గంప ఉండాది, వాన వస్తాంది. దించి వచ్చి తీద్దాంలే అనుకున్నాను. ఆత్రగానికి బుద్ధి మట్టు అని ఊరికే అన్లేదు పెద్దోళ్లు.

గంప దించినాను. తల తుడుచుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చున్నాను.

బస్సు చప్పుడు వినపడింది. అప్పుడు లేచి ఉరికినాను. ఎదురుగా గోరంట్ల పక్క నుంచి వచ్చే శెనక్కాయల బండి ఒకటి రోడ్డు మధ్యలో ఉంది. ఎద్దులు బెదరకూడదని మామ వేగం తగ్గించి, బండికి తారు వదిలిపెట్టి, తాను ఎడమ పక్క మట్టి మీదికి దిగినాడు. రూలు ప్రకారమే దిగినాడు. ముందు చక్రం పొట్టు మీదికి ఎక్కింది. ఢమ్మని ఒక చప్పుడు. బస్సు కాలువలోకి ఒరిగిపోయింది.

ఎవరూ చావలేదు, అది మా అదృష్టం. ఒక ముసలావిడకు కాలు విరిగింది, కొందరికి తలలు పగిలినాయి. చక్రం రాయికి తగిలినప్పుడు స్టీరింగు గిర్రున తిరిగి మామ కుడిచేతి మణికట్టును విరగ్గొట్టింది. ఆయప్ప సీట్లోనే కూర్చోని ఆ చేతిని ఒళ్లో పెట్టుకొని, "అందరూ దిగినారా? బండోడు బాగుండాడా?" అని అడుగుతాన్నాడు. నేను కిటికీ దగ్గరికి పోయినాను. నా పక్క చూసినాడు. మళ్లీ బండి పక్కకు తిరిగినాడు.

జనాన్ని దోవన పోయే లారీలో ఎక్కిచ్చి పంపినాక, మా నాయన ఆ గుండురాయిని దొర్లించుకుంటా పోయి బావిలో వేసినాడు. ఇంటికొచ్చి నాతో అన్నాడు: "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాది. నువ్వు నోరెత్తితే నేను జైలుకు పోతా. ఒంటెద్దు, ఆడోళ్లు. ఈ కొంప ఏమైతాదో ఆలోచించుకో." మా అమ్మ ఏడ్చింది. మా అవ్వ నా చెయ్యి పట్టుకొని, మొట్టకుండా, మెల్లగా "నోరు మూసుకోవే తల్లీ" అన్నది.

మర్నాడు పోలీసులు వచ్చినారు. "ఈడ రాళ్లేమన్నా ఉండెనా?" అని అడిగినారు.

"లేవు సార్" అన్నాడు మా నాయన.

నేను పక్కనే బిందె పట్టుకొని నిలబడి ఉన్నాను. జమేదారు నా వైపు కూడా చూసినాడు. తల వంచుకున్నాను.

నాలుగో దినం తెలిసింది, తప్పు తనదేనని మామే ఒప్పుకున్నాడని. లైసెన్సు తీసేసుకున్నారు. ఊర్లో వాళ్లు ఊరుకుంటారా? తాగి తోలినాడంట అన్నారు. ఐదుపూటలా నమాజు చేసే మనిషిని! కాదు నిద్రపోయినాడంట అన్నారు. బావి దగ్గర ఆ మాటలన్నీ నా చెవిన పడతాన్నాయి. ఆ రాయి ఉండే బావిలోనే నేను నీళ్లు తోడుకుంటాన్నాను. ఇంకెవర్ని ఏమన్నా అంటే ఎగిరి పడేదాన్ని, ఒక్క మాట అనలేకపోయినాను. ఆ యేడంతా మా ఇంట్లో ఉలవచారే. గొంతు దిగలేదని చెప్పుకుంటే బాగుంటాది. దిగింది. కడుపునిండా తిన్నాను. ఇప్పటికీ నాకు అదే సిగ్గు.

రెండేండ్లకు నన్ను హిందూపురానికే ఇచ్చినారు. బస్టాండులో మామను చూసినాను. వంకర పోయిన చెయ్యి పొట్టకు ఆనించుకొని, ఎడమచేత్తో ఊపుతా, బస్సులు ఎనక్కి తీసే డ్రైవర్లకు "రా... రా... నిలుపు" అని చెప్తాన్నాడు. వాళ్లు టీ ఇప్పించేవాళ్లు. పుట్టింటికి పోవాలంటే నాకు ఆ బస్టాండే దిక్కు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని, ఇంకో పక్క నుంచి దొంగమాదిరి పోయి బస్సెక్కేదాన్ని. నాలుగేండ్లు అట్లే పోయినాను.

మా నాయన పోయినాడని కబురొచ్చిన దినం నాకు కొంగు గుర్తులేదు, దోవ గుర్తులేదు. ఏడ్చుకుంటా అడ్డంగా పోతాంటే ఎవరో రెక్క పట్టుకొని గుంజినారు. నన్ను రాసుకుంటా ఒక బస్సు ఎనక్కి పోయింది.

"ఎనక్కి వచ్చే బస్సు దగ్గర ఎవరన్నా నడుస్తారామ్మా? డ్రైవరుకు కనపడతావా నువ్వు?" అని అరిచినాడు మామ. మళ్లీ చూసి, చెయ్యి వదిలి, "నువ్వా పాపా" అన్నాడు.

ఆడనే కూలబడినాను. రాయి నాదే మామా అన్నాను. మాట ఇచ్చి తప్పినాను, నాయన బావిలో వేసినాడు, మేమంతా అబద్ధమాడినాం, అంతా చెప్పేసినాను. జనం చూస్తాన్నారు. చూడనీ అనుకున్నాను.

"నాకు తెల్సు పాపా" అన్నాడు, నా పక్కన కూర్చోని. "చక్రం ఎక్కినప్పుడే తెల్సు. ఆ పగిలిన గుండే గదా. దినామూ ఎత్తినోడికి తెలీదా?"

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు మామా?"

"రాయి ఎవరు పెట్టినా, కనపడని దాని మీద చక్రం ఎక్కిచ్చింది నేనే. అది నా తప్పే." కాసేపు వంకర చేతిని నిమురుకున్నాడు. "అయినా మూడు దినాలు పోలీసులకు ఏమీ చెప్పకుండా ఆస్పత్రిలో పడుకోనుంటిని. మీ నాయన రాడని తెల్సు. నువ్వు వచ్చి చెప్తావని చూసినా. నోరున్న పిల్లవి గదా."

ధర్మవరం బస్సు హారన్ కొట్టింది. మామ లేచి, ఎడమచెయ్యి పైకెత్తి, దాని ఎనక్కి పోయినాడు.