కిటికీ మీద దిద్దిన లెక్క

ఈ రోజు జరిగింది ఇంట్లో చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నా. అమ్మ నన్ను స్కూల్ మాన్పించి ఇంట్లోనే చదివిస్తోంది కదా. ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో మా క్వార్టర్ వరండాయే నా క్లాస్‌రూమ్. వరండాలోకి ఉన్న స్టోర్‌రూమ్ కిటికీ అద్దం మీద, బయటి వైపు పేరుకునే ఎర్రటి గని దుమ్మే బోర్డు. దాని మీద వేలితో లెక్కలు చేస్తాను.

నిన్న ఒక లెక్క తప్పు చేసి వదిలేశా. ఇవాళ పొద్దున చూస్తే ఆ తప్పు చుట్టూ ఎవరో గుండ్రంగా గీత గీశారు.

అమ్మ మురిసిపోయింది. "సూసేవా, నీ తప్పు నువ్వే పట్టీసుకున్నావు! ఇంక ఇస్కూలెందుకే నీకు?"

"నేను కాదమ్మా."

"మరెవరు, మీ నాన్నేటి? ఆయనకి కూడికలే రావు!"

గట్టిగా చెబితే అమ్మ భయపడి నన్ను వైజాగ్ హాస్టల్‌లో పడేస్తుంది. నాకు అక్కడికి వెళ్లడం అస్సలు ఇష్టం లేదు. అందుకే నేనూ నవ్వేశా.

అమ్మ వంటింట్లోకి వెళ్లగానే తడిగుడ్డతో అద్దం తుడిచా. లెక్క పోయింది, గీత మాత్రం పోలేదు. అది అద్దానికి లోపలి వైపు ఉంది. ఆ గదికి తాళం వేసి నెల దాటింది.

రేపు మళ్లీ అదే అద్దం మీద లెక్క రాయాలి. మీరైతే అమ్మకి చెప్పేస్తారా?