యాదగిరియెవ్నా అనే రెండో పిల్ల

1988 వేసవిలో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక మండలానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మండలం పేరు రాయను. అప్పటివాళ్లలో కొందరు ఇంకా పెన్షన్ తీసుకుంటున్నారు. పహాణీలు, పట్టాలు చూసుకోవాలనుకుంటూ వెళ్లాను. మొదటి వారమే నా బల్ల మీదికి తప్పిపోయిన పిల్ల ఫైలు వచ్చింది. ఆ పిల్ల తప్పిపోలేదు, అసలు పుట్టనే లేదు.

ఆ మండలంలో ఒక ఊరివాడు వేముల యాదగిరి. లెనిన్‌గ్రాడ్‌లో గనుల ఇంజనీరింగు చదివి, అక్కడే గాలీనా అనే ఆమెను పెళ్లాడి, కూతురితో తిరిగొచ్చాడు. పిల్ల అక్కడ పుట్టింది కాబట్టి రష్యా జనన పత్రం ఉంది. అందులో పేరు నీనా యాదగిరియెవ్నా వేముల. ఇక్కడికి వచ్చాక నాయనమ్మ ఊరుకుంటుందా? భద్రాచలం తీసుకెళ్లి సీతామహాలక్ష్మి అని పెట్టించింది. రేషన్ కార్డులోనూ బడిలోనూ అదే ఎక్కింది. రెండు పౌరసత్వాలు మన చట్టం ఒప్పుకోదు. అయినా ఇలాంటి పిల్లలను అటు వాళ్లూ మా పిల్లే అనేవారు, ఇటు మనమూ మా పిల్లే అనేవాళ్లం. పెద్దయ్యాక తేల్చుకోవాల్సిందే.

గాలీనా తల్లికి అక్కడ గుండె ఆపరేషన్ ఖాయమైంది. మూడు వారాలే గడువు. అంతకుముందే మనవరాలిని ఒకసారి చూస్తానని ఆ ముసలమ్మ పట్టుబట్టింది. పాస్‌పోర్టు వాళ్లేమో రెండు పేర్లూ ఒకరివే అని ఎమ్మార్వో సంతకంతో పత్రం తెమ్మన్నారు.

మొదటి విచారణకు మా జూనియర్ అసిస్టెంట్ నర్సింహ వెళ్లాడు. మంచివాడు, కాగితం మాట జవదాటడు. దరఖాస్తులో రెండు పేర్లు కనిపించాయి, ఇంట్లో ఒక్క పిల్ల కనిపించింది. "ఇద్దరు బాలికలకు గాను ఒకరు హాజరు. రెండవ బాలిక ఆచూకీ తెలియరాలేదు" అని రాసి సంతకం పెట్టాడు. ఆఫీసులో ఒకసారి ఫైలెక్కిన మనిషిని కొట్టేయడం కుదరదు. ఎక్కడో ఒకచోట చూపించాలి, లేదా చనిపోయినట్టు పత్రం పెట్టాలి.

ఎమ్మార్వో గారు గాలీనాను పిలిపించారు. నీ పేరులో ఇవానొవ్నా, పిల్ల పేరులో యాదగిరియెవ్నా, ఒక ఇంట్లో ఇంటిపేర్లు రెండెందుకు ఉన్నాయని అడిగారు. ఆమె తెలుగు అత్తగారి దగ్గర నేర్చినది.

"ఇంటిపేరు గాదు సార్, నాయిన పేరు. మా నాయిన ఇవాన్, దీని నాయిన యాదగిరి. బిడ్డకైతే ఒవ్నా, యెవ్నా, కొడుక్కైతే ఒవిచ్ అని తగిలిస్తరు. గంతే" అంది.

నాయిన పేరుకు విడిగా కాలమ్ ఉండగా పేరులోకి ఎందుకు తెచ్చుకున్నారని ఆయన మందలించారు. రెండో పిల్ల కోసం పోలీసులకు రాస్తానన్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండింటిలో ఏదీ బయటపెట్టే హోదా కాదు నాది. రెండు రోజులు టైమివ్వండి, పంచనామా చేస్తానన్నాను.

పంచనామా అంటే ఊళ్లో ఐదుగురి ముందు విచారించి, వాళ్లచేత సంతకాలు పెట్టించే కాగితం. కూలిన ఇళ్లకు, పిడుగుపడి చచ్చిన గొడ్లకు ఎన్నో రాశాను. లేని పిల్ల లేదని రాయడం అదే మొదలు.

యాదగిరి ఇంటి వాకిట్లో ఆ ఐదుగురు పంచులను కూర్చోబెట్టి, పిల్లను ఏమని పిలుస్తారని నాయనమ్మను అడిగాను.

"మేమైతే బుజ్జమ్మ అంటం సారూ."

నర్సింహ మూడో పేరు రాసుకోబోయాడు. కలం లాక్కున్నాను. పంచుల్లో ఒకాయన, దర్జీ ఖాసిం సాబ్, ఇదంతా చూసి గడ్డం గోక్కున్నాడు.

"గిట్ల రాస్తే మా ఇంట్ల ఇరవై మంది తేలుతరు సార్. నన్ను మా అమ్మ ఒకటంటది, బడిల ఇంకోటి రాసిన్రు. నేనొక్కణ్ణే గద."

అప్పుడు తోచింది. పిల్లను పెరట్లోకి పంపి, కోర్టు బంట్రోతు పిలిచినట్టు ఒక్కో పేరూ మూడేసిసార్లు పిలిచాను. నీనా యాదగిరియెవ్నా అంటే వచ్చింది. మళ్లీ పంపి సీతామహాలక్ష్మి అన్నాను, వచ్చింది. బుజ్జమ్మా అనేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది సార్, ఎన్నిసార్లు పిలుస్తవ్? ఏం కావాల్నో ఒక్కపారి చెప్పు."

ఆ మాటా పంచనామాలో ఉన్నదున్నట్టు రాశాను.

ఎమ్మార్వో గారు చదివి, ఆ యెవ్నా సంగతి మాత్రం తేలలేదన్నారు. నేను కింద పంచుల పేర్లున్న వరసల మీద వేలు పెట్టాను. ఖాసిం, తండ్రి ఇమాం. కోటయ్య, తండ్రి ముత్తయ్య. మనం పక్కన రాసేదాన్ని వాళ్లు పేరులో కలుపుకుంటారు, అంతకన్నా ఏమీ లేదన్నాను. ఆయన ఐదు వరసలూ ఒక్కొక్కటే చదివారు. తర్వాత గెజిటెడ్ అధికారులు మాత్రమే వాడే పచ్చసిరా కలం తీసి, "రెండవ బాలిక లభ్యమైనది. మొదటి బాలికయే" అని రాసి సంతకం చేశారు. ఆపరేషన్‌కు ఇంకా తొమ్మిది రోజులుంది. పత్రం తీసుకుంటూ గాలీనా, పంచనామా కింద శంకర్ అన్న నా సంతకం చూసి, మా నాన్న పేరు అడిగింది. ఇంకేదో ఫారానికి కాబోలు అనుకుని గోపాల్ అని చెప్పాను.

నాలుగు నెలల తర్వాత సత్తుపల్లి బస్టాండులో యాదగిరి కనిపించాడు.

"మా అత్తమ్మ మంచిగున్నది సార్. ఆపరేషన్ ముందు మనవరాలిని చూసుకున్నది. మీ పేరు మీద ఆఫీసుకు కార్డు గుడ రాసింది. అందలేదా?"

అందలేదు. ఆఫీసుకు వెళ్లి, వచ్చిన ఉత్తరాలు ఎక్కించే ఇన్‌వర్డు రిజిస్టరు తిరగేశాను. నర్సింహ గుండ్రటి దస్తూరీలో ఉంది: "శ్రీ శంకర్ గోపాలొవిచ్. ఈ పేరుగల ఉద్యోగి ఈ కార్యాలయమున లేరు. తిప్పి పంపడమైనది."

రూలు ప్రకారం నర్సింహ చేసింది సరైనదే. నేను మాత్రం రిటైరయ్యేదాకా ఒక పద్ధతి మానలేదు. మనిషి లేడని రాసే ముందు, ఆ పేరు పెట్టి ఒకసారి గట్టిగా పిలిచి చూసేవాణ్ణి.