ఠప్పా కోసం పోస్టులో వెళ్ళిన నోటీసు

ఆ ఆదివారం మరోదాలో మావయ్య ఇంటి బల్ల దగ్గర ఉన్నవాళ్ళం ముగ్గురం: మావయ్య, అత్త, నేను. బల్ల మీద ఉన్నవి: జర్మనీకి పంపిన గేర్ల ఇన్‌వాయిసు, ఫైనాన్సు కంపెనీతో ఒప్పందం, నేను తయారుచేసిన ఎనిమిది అంశాల జాబితా, మావయ్య పాత ఖాతా ఉన్న బ్యాంకు నుంచి వచ్చిన కాగితం.

మావయ్య ఉక్కు ప్లాంటులో రిటైరై, నాలుగు లేత్‌లతో గేర్లు చేసే చిన్న షెడ్డు నడుపుతున్నాడు. జర్మనీ కంపెనీ డబ్బిచ్చేసరికి మూడు నెలలు పడుతుంది. అందుకని ఆ డబ్బు వసూలు చేసుకునే హక్కును ఫైనాన్సు కంపెనీకి రాసిచ్చి, అడ్వాన్సు తీసుకున్నాడు. ఒప్పందం చదివి చెప్పింది నేనే. హక్కు చేతులు మారిందని సరుకు కొన్నవాళ్ళకి నోటీసు అందాలి. అందేలోపు వాళ్ళు పాత ఖాతాకి కట్టేస్తే వాళ్ళ బాకీ తీరినట్టే.

జాబితాలో నాలుగో అంశం నోటీసు. మావయ్య ఉత్తరం మీద సంతకం పెట్టగానే నేను టిక్కు పెట్టేశాను.

మెయిల్లో పంపినా చెల్లేది. ఆయన మాత్రం ప్లాంటు పద్ధతిలో రెండు ప్రతులు పోస్టులో పంపాడు, ఒకదాని మీద ఠప్పా, అంటే కంపెనీ ముద్ర, వేసి తిప్పి పంపమని. కవరు దారిలో ఉండగానే, గడువుకి ముందే, జర్మనీవాళ్ళ డబ్బు పాత ఖాతాలో పడింది. ఆ బ్యాంకు దాన్ని షెడ్డు పాత అప్పు కింద జమ చేసుకుంది.

"మెయిల్ చేస్తే సరిపోయేది మావయ్యా."

"మెయిలుకి ఠప్పా ఎవడేస్తాడ్రా? రేపు మాకందలేదంటే నువ్వేటి చూపిస్తావు?"

"ఇప్పుడు మీరేటి చూపిస్తున్నారో అదే," అంది అత్త టీ గ్లాసులు పెడుతూ. "రేపట్నుంచి పాలవాడి చేత కూడా ఠప్పా ఏయించుకోండి."

మావయ్య నవ్వలేదు. జాబితా తనవైపు తిప్పుకుని నాలుగో అంశం మీద వేలు పెట్టాడు.

"మరి అల్లుడూ, ఈ టిక్కు ఎవడేసేడు?"

నోటీసు అందడమే ముఖ్యమని ఆయనకి నాకన్నా బాగా తెలుసు. ఆయన ఎంచుకున్న దారి నెమ్మది, అంతే. నేనైతే రాయడంతోనే పని అయిపోయిందనుకున్నాను.

అందేలోపు కడితే బాకీ తీరినట్టే అన్న ఆ నియమం మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. హక్కు ఎవరి చేతికి పోయిందో తెలియని మనిషిని రెండోసారి కట్టమని ఎలా అడుగుతాం?

ఫైనాన్సు కంపెనీకి అడ్వాన్సు తిరిగి కట్టడానికి పెద్ద లేత్‌ని చరోదాలో ఒక వర్క్‌షాపుకి అమ్మాం. నా జాబితాలో ఇప్పుడు నోటీసుకి రెండు గళ్ళున్నాయి, పంపిన తేదీకి ఒకటి, అందిన తేదీకి ఒకటి. షెడ్డులో లేత్‌లు మూడు.