వంకాయ వంతు మడి

మా చిన్నప్పుడు... పెద్దపల్లి దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనక పెరట్లో కూరగాయలకు కూడా వంతులుండేవి. ఉన్నవి నాలుగు మళ్లు. "ఏండ్లకేండ్లు ఒక్కటే పంట పెడ్తే మట్టికి గూడ ఇసుగొస్తది" అనేది మా అవ్వ. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం.

ఈ ఏడు వంకాయ పెట్టిన మడిలో వచ్చే ఏడు బబ్బెర్లు, అంటే అలసందలు... ఆ తర్వాత పుంటికూర, అదే గోంగూర... ఆపైన ఉల్లిగడ్డ. అవన్నీ అయ్యాకే మళ్లీ వంకాయ. తోటికోడళ్లకు వంట వంతులు వేసినట్టు అవ్వ మళ్లకు వంతులు వేసేది.

ఆ వంకాయ మా అమ్మమ్మ ఇచ్చిన విత్తనం. గుండ్రటి కాయ, తెల్లచారలు, తొడిమ నిండా ముళ్లు. అమ్మమ్మ పోయినా ఆమె గింజలు ఏటా మా పెరట్లో మొలిచేవి. అవ్వ వాటిని బూడిదలో కలిపి, ఎండిన ఆనిగెపుకాయ (సొరకాయ) బుర్రలో దాచేది. నారు పోసినప్పుడల్లా సగం గింజలు బుర్రలోనే ఉంచేది. నేనేమో వంకాయ అంటే ఆమడ దూరం పరుగెత్తేదాన్ని.

ఒక ఏడు మా పెద్దక్క తొలి కాన్పుకు వస్తోంది. అక్కకు వంకాయ కూర ఉంటే పండుగే. ఆ సంబరంలో బాపు బుర్ర మొత్తం వంచి నారు పోసేశాడు. నారు ఎదిగాక బావి పక్కనున్న పెద్ద మడిలో నాటడానికి పార తీశాడు.

"గా మడిల పోయినేడు వంకాయనే గదా! గీయేడు బబ్బెర్లు పెట్టాలె" అంది అవ్వ.

"బిడ్డ వస్తున్నది గదనే... పెద్ద మడైతే మస్తు కాయలైతయ్. ఒక్కపారికి ఏం గాదు, ఫికర్ జెయ్యకు" అన్నాడు బాపు.

బిడ్డ మాట వచ్చాక ఏ తల్లి అడ్డం చెబుతుంది?

మొక్కలు మోకాలెత్తు పెరిగి పూతకొచ్చాయి. ఒకరోజు ఎండ ఎక్కేసరికి రెండు మొక్కలు పచ్చగా ఉండగానే తల వాల్చేశాయి. దప్పికేమో అనుకొని బాపు బావిలో నీళ్లు చేది పోశాడు. ఎంత పోస్తే అంత వాలాయి... అక్క వచ్చేనాటికి మడి మడంతా పోయింది. విత్తనానికి కూడా ఒక్క కాయ దక్కలేదు.

నేను మాత్రం లోపల్లోపల ఎగిరి గంతేశాను. ఈ ఏడు వంకాయ గోల తప్పిందని ఉరుక్కుంటూ పెరట్లోకి పోయాను. అక్కడ బాపు ఖాళీ బుర్రను బోర్లించి అరచేతిలో కొట్టుకుంటున్నాడు... బూడిద తప్ప ఏమీ రాలడం లేదు.

"మీ అమ్మమ్మ గింజలు బిడ్డా... నేనే పోగొట్టిన" అన్నాడు నన్ను చూసి.

చిన్నపిల్లను, నాకేం తెలుసు అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా... ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క పుంటికూరతో తిని "మంచిగున్నది అవ్వా" అంది. అవ్వ బాపును ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆయనకు కొంత బరువు దిగేదేమో.

ఆ తర్వాత కూడా ఏటేటా వంతులు మారాయి. వంకాయ వంతు వచ్చిన మడిని బాపు తవ్వి, ఎరువు వేసి, ఖాళీగా వదిలేసేవాడు. అంగట్లో వేరే గింజలు దొరికేవి, ఆయన తేలేదు. ఆ ఖాళీ కూడా ఏడాదికో మడి మారుతూ పెరడంతా తిరిగింది... "ఏమన్న పెట్టరాదే బాపూ" అని మేమంటే, "మట్టిని జర ఊపిరి తీస్కోనియ్యుండ్రి" అని అవ్వే అడ్డుపడేది.

ఇప్పుడు వంకాయకు వంతూ లేదు, కాలమూ లేదు... ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. అప్పట్లో మూతి ముడిచిన నేనే ఇప్పుడు అంగట్లో ప్రతి గంప ముందూ నిలబడి ఆ తెల్లచారల ముళ్లకాయ కోసం వెతుకుతున్నాను.

మీ ఇళ్లల్లో ఏ బుర్రలోనైనా, ఏ సీసాలోనైనా ఆ గింజలుంటే చెప్పండి... నాలుగు చాలు. మా ఇంటి వెనక నేనూ నాలుగు మళ్లు వేసుకున్నాను. అందులో ఒకటి ఖాళీగానే ఉంచాను.