ఊరంతా తిరిగిన ఏడో నంబరు

వెండెల్ ట్రెవారో గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన ఏడో నంబరు గుంజని ఒక చోట ఉండనిచ్చేవాడు కాదు. తక్కిన విషయాల్లో ఆయనంత నెమ్మదస్తుడు మా లాంటర్న్ గల్చ్‌లో మరొకడు లేడు. కుక్క అడ్డంగా పడుకుంటే లేపడం ఇష్టంలేక వీధి మార్చుకుని వెళ్లే మనిషి. కానీ చెక్క సుత్తి చేతికొచ్చిందంటే ఊరి చరిత్ర ఉన్నచోట ఉండేది కాదు.

మా ఊళ్లో బంగారం అయిపోయి వందేళ్లు దాటింది. మిగిలిందల్లా అది ఎక్కడుండేదో చూసిపోదామని వచ్చే జనం. వాళ్లు వీధి మొదట్లో ఉన్న పెట్టెలోంచి మ్యాపు తీసుకుని, గుంజల మీద నంబర్లు చూసుకుంటూ ఎవరికి వాళ్లే తిరుగుతారు. ఒకటో నంబరు పాత బ్యాంకు. మాంసం, బంగాళాదుంప కూరి కాల్చే పాస్టీల దుకాణం, అంటే మాది, మూడో నంబరు. అందరూ అసలు చూడాలనుకునేది ఏడో నంబరు, మొట్టమొదట బంగారం దొరికిన చోటు. మ్యాపు ప్రకారం అది వాగు ఒడ్డున ఉండాలి. అక్కడ రాళ్లున్నాయి, నాచుంది, బాతులున్నాయి, గుంజ మాత్రం లేదు.

నిజానికి ఆ చోటు ఎక్కడో ఎవరికీ తెలియదు. పైగా మా ఊళ్లో పాత కుటుంబం అనిపించుకోవాలంటే, ఆ బంగారం మా ముత్తాతకే దొరికింది, అదీ మా పెరట్లోనే అని గట్టిగా నమ్మాలి. అందుకే గుంజలు పాతే పని చూసే వెండెల్ ఆ గుంజ భుజాన వేసుకుని వస్తే కాదన్నవాళ్లు లేరు. పైగా నిమ్మరసం కలిపిచ్చేవాళ్లు. అలా ఆ గుంజ ఒక వేసవిలో మంగలి ఆర్లో దుకాణం ముందు నిలబడింది, ఆ తర్వాత బట్టలుతికే షాపు ముందు, ఒకసారి పళ్ల డాక్టరు వాకిట్లో. మా ఊళ్లో మొదటి బంగారం దొరికిన చోట్లన్నీ నిజమే అయితే మేమంతా బంగారు బకెట్లతో నీళ్లు తోడుకుంటూ ఉండాలి.

పైగా ప్రతిసారీ ఆయన దగ్గర ఆధారం ఉండేది.

"ఆ కాకిని చూశావా అమ్మాయ్?" అన్నాడొకసారి నాతో. నాకు యాభై దాటాయి, ఆయనకి ఇంకా అమ్మాయినే. "రెండు రోజుల్నించీ ఒకే చోట నేల వంక చూస్తోంది."

"పురుగు కోసమేమో."

"పురుగు కోసం రెండు రోజులెందుకు చూస్తుంది?" అని సుత్తి తీసుకుని వెళ్లిపోయాడు.

మొన్న ఆకులు రాలే కాలంలో గుంజ ఇనెజ్ కెటిల్‌మన్ ఇంటి గులాబీల మధ్యకి చేరింది. అంతకుముందు చలికాలంలో భర్త రాయిస్ పోయినప్పటి నుంచి ఇనెజ్ కిటికీ తెర కూడా తీసేది కాదు. వాగు పక్క చెట్లన్నీ పసుపెక్కి, గాలి కదిలితే ఆకులు వీధి మీదికి మెల్లగా దిగే రోజులవి. మధ్యాహ్నం పూట ఊరు సగం నిద్రలో ఉండేది. మ్యాపు పట్టుకున్నవాళ్లు ఆ పసుపు వెలుగులో నిద్రలో నడుస్తున్నట్టే వచ్చి, వాగు కోసం వెతుక్కుంటూ ఇనెజ్ తలుపు తట్టేవాళ్లు. మొదట్లో ఆమె తలుపు మూసేసింది. తర్వాత వసారాలో ఒక కుర్చీ కనిపించింది. ఇంకొన్నాళ్లకి రెండో కుర్చీ.

చరిత్ర సంఘం అధ్యక్షురాలు వెర్నా బాసెట్‌కి ఇదంతా మింగుడుపడలేదు. మ్యాపు గీసింది ఆవిడే. వెండెల్‌తో కలిసి చదువుకుంది, గుంజల పని అప్పగించిందీ తనే. తప్పుడు చోట్లు చూసి వెళ్లినవాళ్లు ఫిర్యాదులు పంపుతున్నారనీ, ఇకమీదట గుంజలన్నీ సిమెంటులో పాతించి వెండెల్‌ని పనిలోంచి తప్పిస్తామనీ కబురు చేసి, శనివారం ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు పెట్టింది. అలా జరిగితే వెండెల్‌కి ఉన్న ఒక్క పనీ పోతుంది, ఇనెజ్ వసారాకి వచ్చే మనుషులూ పోతారు. ఆ రెండో సంగతి అప్పటికి మాలో ఎవరికీ తట్టలేదు.

మీటింగంటే మా దగ్గర తలా ఒక వంటకం తేవాల్సిందే. వెర్నా నిలబడి గుంజ తిరిగిన చోట్లన్నీ వరసగా చదివింది. అప్పుడు ఆర్లో గొంతు సవరించుకున్నాడు.

"నా చెయ్యి వణకడం మొదలైన ఏడాది గుర్తుందా? గడ్డానికి మనిషి రావడం మానేశాడు. మీరు కూడా. గుంజ పెట్టాక రోజంతా జనమే. ఒక్కళ్లూ గడ్డం గీయించుకోలేదనుకోండి. కానీ సాయంత్రానికి మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయేది."

వెనక వరసలోంచి ఇనెజ్ లేచింది. అంత్యక్రియల తర్వాత ఆమె నలుగురిలోకి రావడం అదే మొదలు.

"వెండెల్, మా ఇంటి దగ్గర నీకు దొరికిన ఆధారమేంటి?"

"గులాబీలు. బంగారం ఉన్న నేలలోనే అంత ఎర్రగా పూస్తాయి."

"మావి తెల్ల గులాబీలు."

అందరం నవ్వాం. నవ్వుతూనే నేను ఒక్కో చోటూ గుర్తు చేసుకున్నాను. బట్టలుతికే షాపామె కొడుకు సైన్యంలో చేరిన నెల. పళ్ల డాక్టరు భార్య వదిలివెళ్లిన వేసవి. ఎవరిల్లు బోసిపోతే గుంజ అక్కడికే చేరింది. వెండెల్ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అదంతా ఏం లేదనీ, ఆధారాలు చూసే పెట్టాననీ గొణిగాడు.

వెర్నా మెత్తబడలేదు. "చరిత్ర అంటే జాలిపడి అటూ ఇటూ జరిపేది కాదు. సోమవారం సిమెంట్ పోస్తున్నాం" అంది. సంఘం చాకిరీ అంతా చేసేది ఆవిడే కాబట్టి ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. వెండెల్ సుత్తి తెచ్చి ఆవిడ ముందు బల్ల మీద పెట్టి, తన పాస్టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

సోమవారం ఉదయం వాగు మీంచి పొగమంచు ఊళ్లోకి వచ్చింది. వెర్నా సిమెంటు బస్తా తోపుడుబండిలో వేసుకుని తన ఇంటి గేటు తీసింది. గేటు ముందు ఏడో నంబరు గుంజ ఉంది. పక్కనే వెండెల్, చేతిలో ఇనప పెనంతో. సుత్తి లేక దానితోనే కొట్టినట్టున్నాడు, అడుగు సొట్టపోయింది.

ఆగస్టులో, వెర్నాతో కలిసి ఉండే ఆవిడ అక్క మాక్సిన్‌ని పక్క ఊరి వృద్ధాశ్రమంలో చేర్చారు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. వెర్నాకి ఒంటరితనమేంటిలే అనుకుని ఒక్కళ్లమూ ఆ గేటు తట్టలేదు. ఎదురుగా మా దుకాణం గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు సిగ్గేసింది.

"ఆధారమేంటి?" అంది వెర్నా.

"ఇంకా వెతుకుతున్నాను" అన్నాడు వెండెల్.

అంతలో పొగమంచులోంచి ఒక జంట మ్యాపు పట్టుకుని వచ్చింది. వాళ్ల వెనకే, తన గుంజ ఎవరింటికి పోయిందో చూద్దామని శాలువా కప్పుకుని ఇనెజ్. మ్యాపులో ఏడో నంబరు వాగు ఒడ్డున ఉంది కదా అని ఆ మగమనిషి అడిగాడు. వెండెల్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

వెర్నా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తోపుడుబండిని పక్కకి నెట్టి గేటు బార్లా తెరిచింది.

"ఆ మ్యాపు గీసింది నేనే, తప్పు గీశాను" అంది. "లోపలికి రండి, మా ముత్తాత ఎక్కడ నిలబడి తవ్వాడో చూపిస్తాను. నువ్వు కూడా, ఇనెజ్."