మా బావ అమ్మిన ఫారిన్ బొగ్గు

మా బావ రామకిషన్‌కు తెలివి లేదని ఎవరూ అనలేరు. ఉన్నదంతా ఎదుటివాడికి టోపీ పెట్టడానికే వాడతాడు, ఇంట్లోకి చిటికెడు మిగలదు. చంద్రపూర్ గోల్ బజార్‌లో తాతల నాటి కిరాణా దుకాణం. ఉప్పూ పప్పూ అమ్ముకుంటే ఏం పోయేది? దేశం తలుపులు తెరిచారట, ఇక ఫారిన్ సరుకుదే రాజ్యమట! నాగపూర్‌లో ఏదో హోటల్ మీటింగ్‌కు వెళ్లి, మెడకు టై కట్టుకుని, పెట్టెడు నల్లపొడి డబ్బాలతో దిగాడు.

అది బొగ్గు పొడే. కాల్చి, ఆవిరి పట్టించి, కంటికి కనిపించని చిల్లులు పడేలా చేసిన బొగ్గు. చుట్టూ గనులుండి, గడపల మీదా, ఆరేసిన బట్టల మీదా బొగ్గు పేరుకునే ఊళ్లో బొగ్గు అమ్మిన మొనగాడు మా బావ ఒక్కడే! కొన్న మహానుభావులను ఏమనాలి?

దుకాణం ముందు గాజు గ్లాసులో నీళ్లు పోసి, బట్టలకు పెట్టే నీలిమందు కలిపేవాడు. పొడి వేసి తిప్పి, మడతల గుడ్డలో వడకడితే నీళ్లు తేటగా దిగేవి.

"చూసిన్రా? ఒంట్ల ఉన్న విషం, జహరంతా గిట్లనే గుంజుతది," అనేవాడు. జనం నోరెళ్లబెట్టేవారు.

మా అక్క ప్రభావతికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. రోజూ మాత్ర వేసుకోబట్టి ఏళ్ల తరబడి రాలేదు. ఇంటావిడే తాగకపోతే గిరాకీలు ఎట్లా నమ్ముతారని, మాత్ర వేసుకోగానే చెంచాడు పొడి నీళ్లలో కలిపి అందరి ముందూ తాగించేవాడు.

"నాకు భయమైతుంది తమ్మీ," అంది అక్క నాతో.

నేను వెళ్లి బావను అడిగితే, "నీకేం తెలుసురా, అది ఫారిన్‌ది!" అని కసిరాడు.

కొద్దిరోజులకే అక్క పొయ్యి ముందు గిలగిలా కొట్టుకుంటూ పడిపోయింది. చెయ్యి కాలింది. ఆ ప్రబుద్ధుడు ఏమన్నాడో తెలుసా? "లోపలి జహర్ బయటికొస్తుంది, మంచిదే," అని ఇంకో చెంచా కలపబోయాడు. థూ! గ్లాసు విసిరికొట్టి, అక్కను రిక్షాలో దవాఖానాకు తీసుకుపోయాను. దారిలో మళ్లీ వచ్చింది. నాలుక కొరుక్కుని, కళ్లు తేలేసింది. ఇక అక్క లేదనే అనుకున్నాను.

సాయంత్రానికి కళ్లు తెరిచింది. వెనకాలే వచ్చిన బావ చేతిలోని డబ్బా చూసి, డాక్టర్ అతన్ని నిలబెట్టి మరాఠీలో కడిగి పారేశాడు. ఈ పొడికి విషమేదో మందేదో తెలియదన్నాడు. పప్పులోని ప్రోటీనైనా, మూర్ఛ మాత్రయినా, కడుపులో తగిలినదాన్నల్లా తనకు అతికించుకుంటుందన్నాడు. మాత్ర రక్తంలో కలవకుండానే బయటికి పోయిందట. ఇంకా ఆలస్యమైతే మనిషి దక్కేది కాదట.

బావ తల వంచుకుని విన్నాడు. సిగ్గొచ్చిందేమోనని నేనూ కాస్త మెత్తబడ్డాను. తర్వాత అక్క మంచం దగ్గరికి వచ్చాడు. చేతి కట్టు వైపు చూడనైనా చూడలేదు.

"విన్నవా?" అన్నాడు ముఖం వెలిగిపోతూ. "పెద్ద డాక్టరే ఒప్పుకున్నడు. గుంజుడైతే గుంజుతదట!"

అక్క నాలుక వాచి ఉంది. మాట సరిగా రావడం లేదు. నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

"నన్ను గా ఇంటికి పంపకు తమ్మీ," అంది.